పైమేస్త్రి

మా బాబాయి ఓడరేవులో క్రేన్ డ్రైవరు. పొద్దున్నే ఇనుప నిచ్చెన ఎక్కి, మేడలకన్నా ఎత్తున వేలాడే అద్దాల గదిలో కూర్చుంటే మళ్ళీ నేల మీద కాలు పెట్టేది సాయంత్రమే. మా నాన్న ఓడల మీద పనిచేసేవాడు. ఏడాదిలో ఎక్కువ కాలం సముద్రం మీదే. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. అందుకని నేను బాబాయి, పిన్నిల దగ్గర పెరిగాను. వాళ్ళకి పిల్లల్లేరు. ఎవరైనా ఆ మాటంటే పిన్ని ఊరుకునేది కాదు. "లేకపోవడమేంటి, ఈ రాక్షసి ఉందిగా!" అంటూ నా జడ ఇంకాస్త బిగించి అల్లేది.

మాది రేవు కార్మికుల క్వార్టర్సులో పై అంతస్తు. రెండు గదులు, ఒక వంటగది, దుప్పటి పరిస్తే నిండిపోయేంత బాల్కనీ. వంటగది కిటికీలోంచి క్రేన్లన్నీ వరసగా కనిపించేవి. బాబాయికి తన అద్దాల గదిలోంచి మా బాల్కనీ కనిపించేదట. ఆ సంగతి తెలిశాక పిన్ని ఊరికే వదల్లేదు. నీలం దుప్పటి ఆరేస్తే వచ్చేటప్పుడు నూనె తేవాలి. ఆకుపచ్చది ఆరేస్తే ఉల్లిపాయలు. రెండూ కలిపి ఆరేస్తే చుట్టాలొచ్చారు, తొందరగా రమ్మని. ఒకసారి పిన్ని నిజంగానే దుప్పట్లన్నీ ఉతికి ఆరేసింది. బాబాయి రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చి, "ఎవరే, ఎవరొచ్చారు?" అన్నాడు. పిన్ని నవ్వాపుకోలేక గోడ పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయింది.

బాబాయి క్రేన్ పక్కన వాడకం మానేసిన పాత క్రేన్ ఒకటుండేది. తుప్పు పట్టి, ఎటు తిప్పిన చెయ్యి అటే ఉండిపోయి, ఎవరూ పట్టించుకోకుండా నిలబడి ఉండేది. దాని పైదూలాల సందులో ఒక డేగ గూడు కట్టుకుంది. ఆడ డేగ. తెల్లటి రొమ్ము మీద గోధుమరంగు చారలు, పసుపు పచ్చ కళ్ళు, ఎప్పుడూ ఎవరి మీదో కోపంగా ఉన్నట్టుండే చూపు. బాబాయి గది, దాని గూడు సరిసమానమైన ఎత్తులో ఉండేవి. మధ్యలో గాలి తప్ప ఇంకేం లేదు. అది రోజంతా దూలం చివర కూర్చుని కింద జరిగే పనంతా తల అటూ ఇటూ తిప్పుతూ చూస్తుండేదట. "కింద ఒక మేస్త్రి అరుస్తాడు. పైన ఇంకో మేస్త్రి గుడ్లురుముతుంది. మధ్యలో నలిగిపోతున్నాను," అనేవాడు బాబాయి. అలా దానికి పైమేస్త్రి అని పేరు పడిపోయింది.

మా ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర వార్తలంటే పైమేస్త్రి వార్తలే. ఇవాళ పావురాన్ని పట్టింది. ఇవాళ వానలో తడిసి, చీపురులా నిక్కబొడుచుకున్న ఈకలతో కూర్చుంది. ఇవాళ పిల్లలకి తిండి పెట్టి తను మాత్రం ఎండిన ఎముక కొరికింది. "అంతేలే, తల్లులందరి బతుకూ అంతే," అని పిన్ని గిన్నెలో మిగిలిన కూర బాబాయి కంచంలో వేసేది. నేను నోరు తెరుచుకుని వినేదాన్ని. కళ్ళు మూసుకుంటే నాకు ఆ డేగ మా చుట్టాల్లో ఒకరిలాగే అనిపించేది. ఎప్పుడూ చూడని, కానీ అన్ని సంగతులూ తెలిసిన పెద్దత్తలాగా.

నేను హైస్కూలు చివరి తరగతిలో ఉండగా పాత క్రేన్ని విప్పేయాలని పైవాళ్ళు తీర్మానించారు. డేగ పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగమని బాబాయి మేస్త్రి వెంట కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. మేస్త్రి మంచివాడే, ఆగాడు. పిల్లలు ఎగిరిపోయాయి. ఆ తరవాతే క్రేన్ని ఒరగకుండా పట్టి ఉంచడానికి నాలుగు వైపులా సన్నటి ఉక్కు తాళ్ళు కట్టారు.

ఆ తాళ్ళే పైమేస్త్రి కొంప ముంచాయి. ఒక పొద్దున మంచులో పావురం వెంటపడి దూసుకొచ్చి, కనిపించని తాడుకి కొట్టుకుని రాయిలా కిందపడింది. బాబాయి కళ్ళముందే. క్రేన్ కొక్కేనికి సరుకు వేలాడుతుండగా వదిలేసి రాకూడదు. దాన్ని నెమ్మదిగా నేల మీదకి దించి, మోటారు ఆపి, అప్పుడు నిచ్చెన దిగాడు. ఆ దిగడం తన జీవితంలోకెల్లా పొడుగైన దిగడం అని తరవాత పిన్నితో అన్నాడు.

కంటైనర్ల సందులో అది వెల్లకిలా పడి ఉంది. గోళ్ళు పైకి చాచి, నోరు తెరిచి, రమ్మను చూద్దాం అన్నట్టు. బాబాయి చొక్కా విప్పి దాని మీద కప్పి ఎత్తుకున్నాడు. ఒక గోరు తోలు గ్లవ్‌లోంచి దిగి అరచేతిలో గుచ్చుకుంది. ఆ గోరు వదలదు, బాబాయి లాగడు. అలాగే బనీనుతో, రక్తం కారుతున్న చేతితో, చొక్కాలో చుట్టిన డేగతో ఇంటికొచ్చాడు. తలుపు తీసింది నేనే.

పైమేస్త్రిని అంత దగ్గరగా అదే మొదటిసారి చూడటం. వార్తల్లో ఎంతో పెద్దదిగా ఉండేది. చూస్తే బాబాయి రెండు చేతుల్లో ఇమిడిపోయింది. దాన్ని అట్టపెట్టెలో పెట్టి స్నానాల గదిలో ఉంచాం. పిన్ని నడుం మీద చేతులు పెట్టుకుని, "బాగుంది. మరి నేనెక్కడ స్నానం చెయ్యాలి? దాన్నడిగి చెయ్యాలా?" అంది. అంటూనే తన పాత చీర మెత్తగా మడిచి పెట్టెలో అడుగున పరిచింది.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సులో ముగ్గురం బయల్దేరాం. ఊరికి దూరంగా, కొండల మొదట్లో ఒక అభయారణ్యం ఉంది. దాని అంచున దెబ్బతిన్న పక్షులకీ జంతువులకీ ఆసుపత్రి. బస్సులో పిన్ని పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కనున్నాయన "ఏముందమ్మా అందులో, కోడా?" అని అడిగితే, "మా ఆయన పైఅధికారి," అని జవాబిచ్చింది. ఆయన సీటులో కొంచెం అటు జరిగి కూర్చున్నాడు.

అక్కడి డాక్టరు సన్నగా, పొట్టి జుట్టుతో, మాట తక్కువ మనిషి. రెక్క విప్పి చూసింది. మణికట్టు దగ్గర ఎముక ముక్కలైంది. కొన్ని వారాలు కట్టు కట్టి ఉంచారు. ఆ కొన్ని వారాలూ బాబాయి ప్రతి సెలవురోజూ వెళ్ళాడు. కట్టు విప్పాక డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది.

"ఎముక అతుక్కుంది. కానీ కీలు బిగుసుకుపోయింది. రెక్క సగానికి మించి తెరుచుకోదు. ఇక ఎగరలేదు. వదిలేస్తే రెండు రోజులు బతకదు. ఇక్కడే ఉంచుకుంటాం, బతికినన్నాళ్ళూ."

బాబాయి చాలాసేపు ఆ గదిలోని తూకం మిషను వంక చూస్తూ కూర్చున్నాడు. తరవాత, "ఎగరలేనిదాన్ని ఎందుకు బతికించారు డాక్టర్ గారూ?" అన్నాడు. గొంతులో నిష్ఠూరం ఉంది.

ఆవిడ నొచ్చుకోలేదు. "నేను బతికించడమేంటండీ. తీసుకొచ్చిన రోజే, ఆ నొప్పిలో, నా చేతిలోంచి మాంసం ముక్క లాక్కుని తింది. బతుకుతానని అదే చెప్పింది. నేను విన్నానంతే," అంది.

బాబాయి లేచి దణ్ణం పెట్టి బయటికొచ్చేశాడు. ఆ తరవాత మళ్ళీ ఆ గేటు తొక్కలేదు.

నేను మాత్రం మానలేదు. సెలవులొస్తే అక్కడే. నీళ్ళ తొట్లు కడగడం, రాలిన ఈకలు ఊడ్చడం, మాంసం ముక్కలు కోయడం, ఏ పని చెబితే అది. చదువయ్యాక డాక్టరు నన్ను ఉద్యోగంలోకి తీసుకుంది. పక్షుల విభాగంలో సంరక్షకురాలిని. పైమేస్త్రికి రోజూ తిండి పెట్టేది నేనే. దానికి పొడవాటి వలగది ఒకటుండేది. అందులో నడుం ఎత్తున ఒక కొమ్మ. దాని మీద నుంచి పక్క కొమ్మకి గెంతేది, కింద తొట్లో స్నానం చేసేది, ఎవరైనా కొత్తవాళ్ళొస్తే మెడ ముందుకి చాచి వాళ్ళ అంతు చూసేదానిలా చూసేది.

ఇంటికెళ్ళి ఆ సంగతులు చెప్పబోతే బాబాయి మాట మార్చేసేవాడు. ఒక్కసారి మాత్రం నోరు విప్పాడు. "నేను దాన్ని పైన చూసినవాణ్ణి తల్లీ. గాలిలో ఆగిపోయి ఒక్క ఈక కూడా కదపకుండా నిలబడేది. అదే డేగని నడుమెత్తు కర్ర మీద చూడలేను. నన్ను వదిలెయ్."

ఆ రోజుల్లోనే బాబాయి కూడా కిందకి దిగాల్సొచ్చింది. రేవులో కొత్త క్రేన్లు వచ్చాయి. వాటికి అద్దాల గదులుండవు. నేల మీద, కిటికీలు లేని ఒక చల్లని గదిలో, టీవీ తెరల ముందు కుర్చీలో కూర్చుని పుల్లల్లాంటి మీటలు కదిపితే పైన క్రేన్ కదులుతుంది. మోకాళ్ళు అరిగిపోయిన వాళ్ళకి అది వరమే. బాబాయి మోకాళ్ళూ అరిగాయి, అయినా ఆయనకి సంతోషం లేదు. "గాలి ఎటు కొడుతోందో తెరమీద అంకె వేసి చూపిస్తారే. గాలిని అంకెలో చూడటమేంటి?" అనేవాడు. ఎండో వానో తెలియకుండా సాయంత్రం బయటికొచ్చి, తడిసిన నేల చూసి, "ఓహో, వానొచ్చిందన్నమాట," అనుకునే రోజులొచ్చాయి. పిన్ని దుప్పట్లు ఆరేయడం మామూలు ఆరేయడమైపోయింది. నూనె కావాలంటే ఫోన్ చేసేది. ఒకరోజు ఫోన్ పెట్టేసి, "ఫోన్లో చెబితే నాలుగు వస్తువులు చెప్పొచ్చు, నిజమే. కానీ అప్పట్లో ఆయన రోజంతా మన బాల్కనీ వైపు చూస్తుండేవారే," అంది నాతో. అని, ఉల్లిపాయ తరగడం మొదలుపెట్టింది. కళ్ళలో నీళ్ళకి ఉల్లిపాయ మీద నెపం దొరికింది.

బాబాయి రిటైరయ్యాడు. క్వార్టర్సు వదిలి, నా ఉద్యోగానికి దగ్గరగా ఒక చిన్న ఇల్లు తీసుకున్నాం. కింద అంతస్తు. కిటికీలోంచి ఎదురింటి గోడ కనిపించేది. బాబాయి కుర్చీ మారి కుర్చీలో కూర్చునేవాడు. పేపరు తిరగేసి చదివినట్టు నటించేవాడు. పిన్ని అన్నం తినమంటే తినేవాడు, పడుకోమంటే పడుకునేవాడు. అంతలా మాట వినడం చూసి పిన్నికి భయం వేసింది.

అప్పుడు పిన్ని ఒక పథకం వేసింది. నాతో కలిసి అభయారణ్యానికి రావడం మొదలుపెట్టింది. పైమేస్త్రి గది ముందు బెంచీ మీద కూర్చుని స్వెట్టరు అల్లుకునేది. సాయంత్రం ఇంటికెళ్ళి గోడలకి చెప్పినట్టు చెప్పేది.

"డేగ బాగా లావెక్కింది. అచ్చం కోడిలా ఉంది."

బాబాయి పేపరు దించలేదు.

ఇంకో రోజు, "ఇవాళ దాని కళ్ళు చూశాను. ఎంత నల్లగా ఉన్నాయో!" అంది.

పేపరు కొద్దిగా కదిలింది.

మూడోసారి, "పాపం బొత్తిగా పిరికిది. కాకి అరిస్తే మూలన నక్కింది," అంది పిన్ని, సూదుల మీద కుట్లు లెక్కపెట్టుకుంటున్నట్టు తల వంచుకుని.

పేపరు కింద పడింది. "కాకికి భయపడటమా? అదా? కోడిలా ఉండటమేంటి, నల్లకళ్ళేంటి! అసలు నువ్వు ఏ పక్షిని చూసొస్తున్నావే? ఒసే అమ్మాయ్, ఈవిడ్ని ఏ గది ముందు కూర్చోబెడుతున్నావు?"

"నాకేం తెలుసండీ. నాకు చూపు ఆనదు. మీరే వచ్చి చూసి చెప్పండి," అంది పిన్ని.

మర్నాడు పొద్దున బాబాయి మాకంటే ముందు తయారై గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

దాన్ని చూడగానే ఏదో జరుగుతుందని నేననుకున్నాను. ఏం జరగలేదు. పైమేస్త్రి బాబాయిని అందరినీ చూసినట్టే చూసింది. గుర్తుపట్టిందని చెప్పను. అద్దాల వెనక మనిషిని అదెప్పుడైనా పట్టించుకుందో లేదో. బాబాయి మాత్రం వల దగ్గర నిలబడి, అరచేతిలో పాత మచ్చని బొటనవేలితో రాసుకుంటూ ఉండిపోయాడు. చాలాసేపటికి, "ముసలిదైపోయింది," అన్నాడు. "చూపు మాత్రం అదే," అన్నాడు మళ్ళీ.

ఆ తరవాత రోజూ వచ్చాడు. బెంచీ మీద పిన్ని పక్కన కూర్చుని డేగ కంటే ఎక్కువగా డేగ చూస్తున్నవైపు చూసేవాడు. అది ఎప్పుడూ మెడ పైకెత్తి, వల కప్పు వంకే చూస్తుండేది. ఒకరోజు డాక్టర్ని పట్టుకుని అడిగాడు.

"దానికి పైన కూర్చునే చోటు ఒకటి చెయ్యకూడదా?"

"మొదట్లో పెట్టామండీ. గెంతుకుంటూ ఎలాగో ఎక్కేసింది. దిగడం తెలియక ఎగరబోయి పడింది. రొమ్ము ఎముకకి దెబ్బ తగిలింది. అందుకే తీసేశాం," అంది డాక్టరు. తరవాత ఆలోచించి, "ఎక్కే దారి ఒక్కటే కాదు, దిగే దారి కూడా ఉండేలా చేయగలిగితే నాకు అభ్యంతరం లేదు," అంది.

బాబాయికి అంతమాత్రం చాలు. రేవులో తనతో పనిచేసిన పాత మెకానిక్‌ని పిలిపించాడు. గ్రీజు మామ అనేవాళ్ళం ఆయన్ని. ఇద్దరు ముసలివాళ్ళూ కలిసి వారం పైగా కొట్టి, కోసి, పోట్లాడుకుని ఒక నిచ్చెన తయారు చేశారు. ఇనుప మెట్లు, రెండు వైపులా పట్టుకోడానికి కమ్మీలు. చూస్తే రేవు క్రేన్ నిచ్చెనకి పిల్లలా ఉంది. దానికి పైన ఒక చిన్న వేదిక. డాక్టరు చూసి పెదవి కొరుక్కుంది. "చాలా బాగుంది. కానీ ఇది మీకోసం కట్టుకున్నట్టున్నారు," అంది. గ్రీజు మామ పకపకా నవ్వాడు. బాబాయి మొహం గంటు పెట్టుకున్నాడు.

పైమేస్త్రి ఆ నిచ్చెన మొహం కూడా చూడలేదు. కావాలని చేసినట్టు దానికి వీపు పెట్టి కూర్చునేది. వానాకాలం అంతా అలాగే గడిచింది.

చివరికి బాబాయే దాన్ని విప్పేశాడు. ఈసారి డాక్టరు, ఆయన, నేను నేల మీద కూర్చుని ముగ్గు గీసినట్టు సుద్దతో గీసుకున్నాం. ఇనుము బదులు బెరడు తీయని కొమ్మలు. నిటారుగా కాకుండా గది చుట్టూ తిరుగుతూ, పాకుతున్న తీగలా మెల్లగా పైకి లేచే దారి. కాలు జారకుండా కొబ్బరి తాడు చుట్టే పని పిన్నిది. గ్రీజు మామ కప్పు దగ్గర ఎండా వానా పడకుండా కట్టిన తాటాకు తడికలో కిటికీ అంత సందు కోసి, లోపలి వైపు వల బిగించాడు. అందులోంచి చూస్తే లోయ, దాని అవతల నది.

అదంతా బిగించాక ఒక పగలు నాకు బాగా గుర్తు. గాలి వేస్తోంది. బాబాయి ఫ్లాస్కులోంచి టీ పోస్తున్నాడు. పిన్ని ఒక్కసారిగా ఆయన చొక్కా చెయ్యి పట్టి లాగింది. టీ ప్యాంటు మీద ఒలికింది. "ఏమే..." అని కసురుకోబోయి ఆగిపోయాడు.

పైమేస్త్రి మొదటి కొమ్మ మీద ఉంది. తల వంచి తాడుని ముక్కుతో ఒకసారి పొడిచి చూసింది. తరవాత నడిచింది. డేగ నడక ఏమంత చూడముచ్చటగా ఉండదు, చెప్పులు బిగుతైన పెద్దమనిషి నడకలా ఉంటుంది. నడిచి, ఆగి, గెంతి, మళ్ళీ నడిచి, గది చుట్టూ ఒక చుట్టు తిరిగింది. మలుపు దగ్గర జారింది. పిన్ని వేళ్ళు బాబాయి చేతిలో దిగబడ్డాయి. సగం రెక్క విదిల్చి తమాయించుకుంది. ఇంకో గెంతు. పైకొమ్మ.

సందులోంచి గాలి దాని మొహం మీదకి కొట్టింది. ఈకలన్నీ ఒక్కసారి వెనక్కి చదునుగా అతుక్కుపోయాయి. మంచి రెక్క పూర్తిగా విప్పింది. రెండోది ఎంతవరకు వస్తే అంతవరకు విప్పింది. ఎగరబోతుందేమో అనుకున్నాను. ఎగరలేదు. గాలిని రెక్కల కింద మోస్తూ, కళ్ళు సగం మూసి, అలాగే నిలబడింది.

"పడమటి గాలి," అన్నాడు బాబాయి నెమ్మదిగా. "నది మీంచి వస్తోంది. సాయంత్రానికి వాన."

ఆయన గాలి గురించి అలా మాట్లాడి ఎన్నాళ్ళయిందో. అది దిగేదాకా, అది కూడా వచ్చిన దారినే ఒక్కొక్క కొమ్మా చూసుకుంటూ దిగేదాకా, అక్కడే కూర్చున్నాం. ఆ రోజు మొదలు పైమేస్త్రి మకాం పైకి మారింది. తిండికి, స్నానానికి తప్ప కిందకి వచ్చేది కాదు.

ఆ సాయంత్రం వాన నిజంగానే వచ్చింది. ముగ్గురం తడిసిన బట్టలతో బస్సులో వెనక సీట్లో కూర్చున్నాం. బాబాయి కిటికీ అద్దం మీద ఆవిరి తుడుస్తూ, ఎవరో అడిగినట్టు, "మొదటి రోజు నేను నిచ్చెన సగంలో ఆగిపోయాను," అన్నాడు.

"ఏ నిచ్చెన?" అంది పిన్ని.

"రేవులో. ఉద్యోగంలో చేరిన రోజు. కిందకి చూశాను. అంతే, కాళ్ళు కొయ్యబారిపోయాయి. కమ్మీని కౌగిలించుకుని ఏడ్చాను. మేస్త్రి ఎక్కి వచ్చి, నా వెనకే నిలబడి, ఒక్కొక్క మెట్టూ ఎక్కించాడు. పైకెళ్ళాక ఇక దిగబుద్ధి కాలేదు."

పిన్ని ఆయన వైపు పూర్తిగా తిరిగింది. "మరి పెళ్ళికి ముందు నాతో ఏం చెప్పారు? పాటలు పాడుకుంటూ ఎక్కానని, పైనుంచి చెయ్యి ఊపానని..."

"నువ్వు కళ్ళింత చేసుకుని వింటున్నావు. ఎలా చెప్పను మరి?"

పిన్ని ఏదో అనబోయింది. నవ్వు ముంచుకొచ్చింది. ముందు సీటు పట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వింది. కండక్టరు వెనక్కి తిరిగి చూశాడు. బాబాయి కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు కానీ, మసక అద్దంలో ఆయన నవ్వు నాకు కనిపిస్తూనే ఉంది.